నడుం విరిగాక ఇంట్లో తొమ్మిది నెలలు: నా అనుభవం

2025 మే 4, ఆదివారం. పొద్దున ఏడున్నరకి పక్కింటి డాబా మీద వడియాలు పెడదామని టార్పాలిన్ పరుస్తూ వెనక్కి వెనక్కి నడిచాను. ఆ డాబాకి ఇంకా పిట్టగోడ కట్టలేదు. పదకొండు అడుగుల కింద ఉన్న సిమెంటు గచ్చు మీద కూర్చున్నట్టుగా పడ్డాను. నొప్పి కంటే ముందు తెలిసింది ఒకటే, కాళ్లు నావి కావు. తొడ గిల్లుకుంటే చేతికి తెలుస్తోంది గానీ తొడకి తెలియడం లేదు.

అందరూ గాభరాపడి తలో చెయ్యి వేసి లేపబోయారు. ఎదురింటి పెద్దాయన మాత్రం "నడుం వంచకండిరా, తలుపు చెక్క తెండి" అని అరిచాడు. పాత తలుపు రెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, నలుగురూ మోసుకెళ్లి 108లో ఎక్కించారు. అలా తెచ్చారు కాబట్టే నరాలకి ఇంకా ఎక్కువ దెబ్బ తగల్లేదేమోనని తర్వాత డాక్టరుగారు అన్నారు. ఇది చదివేవాళ్లు ఇంకేం మర్చిపోయినా ఆ తలుపు రెక్కని మర్చిపోకండి.

గుంటూరులో ఎమ్మారై తీశారు. నడుములో ఎల్1 పూస చితికి, దాని ముక్క వెనక్కి జరిగి నరాలను నొక్కుతోందన్నారు. మే 7న ఆపరేషన్. స్క్రూలు, రెండు రాడ్లు వేశారు. "పూర్తిగా తెగలేదు, నలిగింది. ఎంత వెనక్కి వస్తుందో ఇప్పుడే చెప్పలేం. ఒంటికీ రెంటికీ సంబంధించిన నరాలు అక్కడే ఉంటాయి, అవి అన్నిటికంటే ఆలస్యం" అన్నారు. ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవలో అయింది. తోడున్నవాళ్ల తిండికీ, రాకపోకలకీ మాకు పద్నాలుగు వేలు అయ్యాయి.

మే 19న ఇంటికి పంపారు. కాగితం మీద మందుల పేర్లు, బెల్టు, ఫిజియోథెరపీ, రెండు వారాలకు మళ్లీ రమ్మని. అంతే. పక్కకి ఎలా తిప్పాలి, మోషన్ రాకపోతే ఏం చెయ్యాలి, యూరిన్ పైపు ఎప్పుడు మార్చాలి, ఇవేవీ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. అందుకే ఆసుపత్రి సంగతి ఇక్కడితో వదిలేసి, ఇల్లు చేరిన దగ్గర్నుంచి జరిగింది రాస్తున్నాను.

నా వయసు 36. మా ఊళ్లో జాకెట్లు కుడతాను. మా ఆయనకి ట్రాలీ ఆటో ఉంది. అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి మూడో తరగతి. మాతో అత్తయ్య ఉంటుంది. ఆమె చదువుకోలేదు.

ఇంట్లో ఉన్నవి నులక మంచం, పట్టె మంచం. నులక మంచంలో నడుం కుంగుతుంది, పనికిరాదు. తెనాలిలో ఆసుపత్రి మంచం అద్దెకి తెచ్చారు, అడ్వాన్సు ఐదు వేలు, నెలకి రెండు వేలు. ఎయిర్ బెడ్ కొన్నాం, 3,200. గది తలుపులోంచి మంచం పట్టకపోవడంతో ముందు వసారాలోనే వేశారు. అంటే వీధిలో వెళ్లేవాళ్లందరికీ నేను కనిపిస్తాను. మొదటి రాత్రే కరెంటు పోయింది. ఎయిర్ బెడ్ మోటారు ఆగి, కాసేపటికి గాలి దిగిపోయి, ఇనప మంచం బద్దీలు నడుముకి తగులుతుంటే అందరూ టార్చిలైటు పట్టుకుని నిలబడ్డారు. మర్నాడే మా ఆయన ఇన్వర్టరు అరువు తెచ్చాడు. ఎయిర్ బెడ్ కొంటే దాని కింద ఒక మామూలు గట్టి పరుపు కూడా వెయ్యండి.

ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఇది ఫిజియో అబ్బాయి నేర్పాడు. భుజం ఒకవైపు, తుంటి ఒకవైపు మెలి తిరగకూడదు. దుంగని దొర్లించినట్టు ఒళ్లంతా ఒకేసారి కదలాలి. నా కింద అడ్డంగా ఒక దుప్పటి మడిచి వేసి, ఒకరు భుజం దగ్గరా ఒకరు తొడ దగ్గరా పట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అని లాగాలి. మోకాళ్ల మధ్య దిండు, వీపు వెనక దిండు, మడమలు పరుపుకి ఆనకుండా చీలమండల కింద తువ్వాలు చుట్ట. రాత్రుళ్లు కూడా అంతే. పది, పన్నెండు, రెండు, నాలుగు. గూడ్సు బండి వెళ్లే చప్పుడుకి అత్తయ్య లేచేది.

ఎప్పుడు ఎటు తిప్పారో రెండో రోజుకే గందరగోళం అయింది. అప్పుడు అత్తయ్య గోడ మీది క్యాలెండరు తీసి నా మంచం పక్కన మేకుకి తగిలించింది. అబ్బాయి పెన్సిల్‌కి దారం కట్టి వేలాడదీసింది. పక్క తిప్పినప్పుడల్లా ఆ రోజు గడిలో ఒక గీత. ఎడమకి తిప్పితే ఎడమకి వాలు, కుడికి తిప్పితే కుడికి వాలు. మోషన్ అయితే సున్నా. జ్వరం వస్తే కుంకుమ చుక్క. ఆ పెన్సిల్ ముక్క మొదలంటా అరిగేదాకా అదే మా కేసు షీటు.

మోషన్ గురించి ఎవరూ రాయరు కాబట్టి రాస్తాను. ఇంటికొచ్చి ఆరు రోజులైనా రాలేదు. కడుపు ఉబ్బింది, అన్నం సయించలేదు. విరేచనం మందు తాగితే ఒక రాత్రంతా ఆగకుండా పోయింది, నాకు తెలియను కూడా లేదు. అత్తయ్యా, మా అమ్మాయీ దుప్పట్లు మార్చడం చూస్తూ గోడ వైపు మొహం పెట్టుకుని పడుకున్నాను. పన్నెండేళ్ల పిల్ల చేత ఆ పని చేయించాల్సి వచ్చిందని ఇప్పటికీ మనసులో ఉంది.

తర్వాత పద్ధతి తెలిసింది. రోజు విడిచి రోజు, పొద్దున అదే టైముకి. వేడిగా ఏదైనా తాగి తిన్నాక అరగంటకి ఎడమ పక్కకి తిప్పి, గ్లవుజు వేసుకుని, జెల్లీ రాసి, మెడికల్ షాపులో దొరికే మందు బిళ్లని లోపల పెట్టాలి. ఇరవై నిమిషాలాగి, రాకపోతే వేలితో మెల్లగా గుండ్రంగా తిప్పాలి. మొదటిసారి ఎవరు చెయ్యాలన్న దగ్గర ఇంట్లో మాట ఆగిపోయింది. మా ఆయన చేస్తానన్నాడు. అత్తయ్య గ్లవుజుల డబ్బా ఆయన చేతిలోంచి తీసుకుని "నువ్వు బయటికెళ్లు నాయనా" అంది. నేను ఏడుస్తూ "వద్దత్తయ్యా" అంటే, "ముగ్గుర్ని కన్నాను, మీ మావయ్య మంచాన పడితే ఏడాది చేశాను. నువ్వు కళ్లు మూసుకో అమ్మాయ్, అయిపోతుంది" అంది. పదిహేనేళ్ల కాపురంలో మా ఇద్దరికీ పడని రోజులు చాలా ఉన్నాయి. ఆ పొద్దుటి తర్వాత అవేవీ నాకు గుర్తు రావడం లేదు. మూడు వారాలకి పొట్టకి ఆ టైము అలవాటైంది. దుప్పట్లు ఉతికే పని తగ్గింది.

పరామర్శకి వచ్చేవాళ్లు మొదటి నెలలో రోజుకి పది, పన్నెండు మంది. ప్రేమతోనే వచ్చారు, కాదనను. కానీ మంచం అంచున కూర్చుంటే పరుపు వాలి నా నడుం వాలేది. యూరిన్ బ్యాగు వైపు చూసి కళ్లు తిప్పుకునేవాళ్లు. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించమన్నవాళ్లు ఉన్నారు. వెన్నులో రాడ్లు ఉన్న మనిషికి ఏ కట్టూ కట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పబట్టి సరిపోయింది. చివరికి మా ఆయన పాత చీర ఒకటి తాడు మీద తెరగా కట్టి, గుమ్మంలో రెండు స్టూళ్లు వేసి, వచ్చినవాళ్లని అక్కడే కూర్చోబెట్టాడు. కొందరికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ చీర తెర కట్టిన రోజు కాస్త ఊపిరి ఆడింది.

ఒక దగ్గరి బంధువు, నాకు తల్లి వరసే, కాళ్లకి రక్తం ఆడుతుందని ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టింది. వేడి ఎక్కువైనా నాకు తెలియలేదు. సాయంత్రం అబ్బాయి "అమ్మా, నీ కాలికి బుడగ వచ్చింది" అంటే చూశాం. పిక్క మీద అరచేయంత బొబ్బ. అది మానడానికి నెల పట్టింది. స్పర్శ లేని కాలికి కాపడం, వేడి నీళ్ల సంచి, ఎండలో కాగిన కుర్చీ, ఏవీ తగలనివ్వకండి. స్నానానికి నీళ్లు తోడితే వేడి కాలితో కాదు, మోచేతితో చూడాలి.

జూన్ 9న కుడి కాలి బొటనవేలు కదిలింది. చూసింది మా అమ్మాయి. మళ్లీ కదపమంటే రాలేదు. గంటసేపు వేలు వంకే చూస్తూ కూర్చుంది. సాయంత్రం దీపం పెట్టే వేళ మళ్లీ కదిలింది, గోరు మందాన. ఆ పిల్ల అరుపుకి వీధిలోవాళ్లు వచ్చారు.

అదే నెలలో పుండూ పడింది. ఒక రాత్రి మా ఆయన లోడు వేసుకుని ఏలూరు వెళ్లాడు, అత్తయ్య జ్వరంతో పడుకుంది. పిల్లల్ని లేపబుద్ధి కాలేదు. పది నుంచి ఐదు దాకా వెల్లకిలానే ఉన్నాను. పొద్దున తోక ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కితే తెల్లబడాలి, తెల్లబడలేదు. మూడో రోజుకి తోలు లేచిపోయింది. ఒక్క రాత్రి తప్పుకి ఏడు వారాల డ్రెస్సింగు, అటు పడుకోకూడదు, కూర్చోకూడదు. అప్పుడే కూర్చోవడం మొదలుపెట్టినదాన్ని మళ్లీ మంచానికి అంటుకుపోయాను. క్యాలెండర్లో ఆ రాత్రి గీతలు లేని గడి అత్తయ్య నాకు చూపించి "నాదే తప్పు" అంది. కాదు. ఎవరినీ లేపని నాదీ. రాత్రి తిప్పడానికి ఇద్దరు ఎప్పుడూ ఉండేలా ముందే మాట్లాడుకోండి, మొహమాటపడి ఊరుకోకండి. ఆ తర్వాత మా తోటికోడలు వారానికి మూడు రాత్రులు వచ్చి పడుకుంది. పుండు మీద పౌడర్లు, స్పిరిట్లు వెయ్యనివ్వలేదు నర్సు. సెలైన్‌తో కడిగి, కట్టు కట్టే గాజ్ గుడ్డ. రోజుకి రెండు గుడ్లు తినమన్నారు.

జూన్ చివర్లో చలిజ్వరం, యూరిన్ ఇన్‌ఫెక్షన్. మూడు రోజులు తెనాలిలో అడ్మిట్ అయితే 4,800. నీళ్లు తాగితే బ్యాగు త్వరగా నిండి అత్తయ్యకి పని పెరుగుతుందని నేను తక్కువ తాగుతున్నాను. ఈ మాట చెబితే అక్కడి డాక్టరమ్మ తిట్టింది. అప్పుడే అత్తయ్య చీర చెంగులో మడిచి తెచ్చిన క్యాలెండరు కాగితాలు బయటికి తీసింది. డాక్టరమ్మ చాలాసేపు చూసింది.

"ఎవరు రాశారమ్మా ఇది?"

"రాయలేదమ్మా, గీశాను" అంది అత్తయ్య.

ఆ కాగితాలు చూసే, పైపు ఎప్పుడూ లోపల ఉంచుకోవడం మాని, నాలుగు గంటలకోసారి నేనే పైపు పెట్టుకుని యూరిన్ తీసుకునే పద్ధతి నేర్పించింది. ఇంట్లో ఇంత లెక్కగా చేసేవాళ్లుంటే సాగుతుందంది. ఆడవాళ్లకి మొదట అద్దం కావాలి. తొడల మధ్య చిన్న అద్దం ఆనించుకుని వెతుక్కోవాలి. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది, పది రోజులకి ఐదు నిమిషాలు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, రోజుకి రెండు లీటర్ల నీళ్లు కొంచెం కొంచెంగా తాగాలి, ఒకసారికి నాలుగైదు వందల మిల్లీలీటర్లు దాటితే మధ్య టైము తగ్గించాలి. కొలతకి ప్లాస్టిక్ జగ్గు మీద అమ్మాయి గోళ్ల రంగుతో గీతలు పెట్టింది. నడుం నుంచి వేలాడే ఆ సంచి పోయిన రోజు, రెండు నెలల తర్వాత, నైటీ కాకుండా చీర కట్టించుకున్నాను.

కాళ్లు తిరిగి తెలివిలోకి వచ్చే కొద్దీ మంట మొదలైంది. దెబ్బ నొప్పి కాదు. పచ్చి కారం పూసి దుప్పటి కప్పినట్టు, రాత్రి పూటే. దీనికి మామూలు నొప్పి బిళ్లలు పనిచెయ్యవు, నరాలకి వేరే బిళ్ల ఉంటుంది. అది పగలంతా మత్తుగా ఉంచుతుంది, రెండు వారాలకి మత్తు తగ్గుతుంది. దీని గురించి నాకెవరూ ముందు చెప్పకపోవడంతో ఏదో చెడిపోయిందని భయపడ్డాను.

అలాంటి ఒక రాత్రి, జూలైలో, రెండింటికి పక్క తిప్పుతుంటే మా ఆయనతో అన్నాను, "ఇంకో పెళ్లి చేసుకోండి. పిల్లలకి దిక్కుంటుంది" అని. నిజంగానే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. దిండు సర్దాడు, గీత గీశాడు, వెళ్లి పడుకున్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. టైముకి తిప్పడం మాత్రం ఒక్కసారి తప్పలేదు. మూడో రాత్రి నోరు తెరిచి, "తిప్పేటప్పుడు చేతులు గుండె మీద పెట్టుకోవడం మర్చిపోతున్నావు, భుజం మెలిక పడుతోంది" అన్నాడు. ఆ మాట మళ్లీ నేనెత్తలేదు.

ఫిజియోకి ఇంటికొస్తే రోజుకి నాలుగు వందలు. మూడు నెలలు దాదాపు రోజూ, తర్వాత రోజు విడిచి రోజు. మొత్తంలో పెద్ద ఖర్చు ఇదే, 44 వేలు దాటింది. మంచం అద్దె, మందులు, పైపులు, వీల్‌చైర్ 7,500, కాళ్లకి ఊతంగా బిగించే పట్టీలు ఆరు వేలు, మోషన్‌కి కూర్చునే కన్నం కుర్చీ 2,800, వాకరు, అంబులెన్సులు అన్నీ కలిపితే లక్షా ముప్పై ఐదు వేలు. ఆటో సగం రోజులు ఇంటి ముందే ఉంది. డ్వాక్రా అప్పు కట్టలేని రెండు నెలలు గ్రూపులోవాళ్లే తలా కొంత వేసుకుని నా కిస్తీ కట్టారు. తిరిగిస్తానంటే తర్వాత చూద్దాంలే అంటున్నారు. వీల్‌చైర్ కొనేముందు తలుపులు కొలవండి. మా స్నానాల గది తలుపు కంటే కుర్చీ అంగుళం వెడల్పు. తలుపు తీసేసి కర్టెన్ వేశాం. గుమ్మానికి రెండు బస్తాల సిమెంటుతో వాలు కట్టించాం.

పుండు మానాక, ఆగస్టు 21న నిలబెట్టారు. అప్పటికి కుడి మోకాలు కాస్త పట్టు ఇస్తోంది, ఎడమది లేదు. రెండు మోకాళ్లకీ పట్టీలు బిగించి, బెల్టు పెట్టి, ముందు ఫిజియో అబ్బాయి, వెనక మా ఆయన. లేవగానే కళ్లు బైర్లు కమ్మి ఒళ్లు చల్లబడింది, కూర్చోబెట్టేశారు. కాళ్లకి ఎలాస్టిక్ గుడ్డ చుట్టి మళ్లీ లేపారు. నలభై సెకన్లు. మూడున్నర నెలల తర్వాత మా ఇంటి కిటికీలోంచి నిలబడి చూస్తే బయట జామ చెట్టు కాయలు కనిపించాయి. పడుకుంటే కొమ్మలే కనపడేవి.

దసరా నాటికి వాకరుతో నాలుగడుగులు. దీపావళి తర్వాత వసారా ఈ చివర నుంచి ఆ చివరకి. నవంబరులో వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకి వెళ్లొచ్చాం. వైకల్యం నలభై శాతం ఉంటే చాలట, నాకు అంతకంటే ఎక్కువే రాశారు. ఆరు నెలలు నిండాక వెళ్లడం మంచిది, ముందే వెళ్తే మళ్లీ రమ్మంటారు. డిశ్చార్జ్ కాగితం, ఎమ్మారై రిపోర్టు జెరాక్సులు వెంట ఉంచుకోండి.

కాళ్లు ఇక ఇంతేనా అని దిగులుపడే రోజుల్లో ఫిజియో అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ ఉండేదట. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయినా, చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. తర్వాత మాలాంటివాళ్ల కోసమే అక్కడ పునరావాస విభాగం నిలబెట్టింది. "మీ పని కూడా చేతులతోనే కదక్కా" అన్నాడు. ఆ రాత్రి నాకు మిషన్ గుర్తొచ్చింది.

నేను పడేనాటికి నా దగ్గర పదకొండు జాకెట్ గుడ్డలున్నాయి, అన్నీ పెళ్లిళ్లవి. తోటికోడలు తిరిగి ఎవరివి వాళ్లకి ఇచ్చొచ్చింది. ఒకావిడ మాత్రం తీసుకోలేదు. పట్టు గుడ్డ, ఆకుపచ్చ మీద మావిడి పిందెల బుటా. "ఉండనీ, ఆమె లేచాకే కుట్టించుకుంటా" అందట. ఎనిమిది నెలలు ఆ గుడ్డ బీరువాలో ఉంది.

డిసెంబరులో మిషన్‌కి మోటారు పెట్టించాం. దాని పెడల్ కాలికింద కాకుండా ఎడమ పక్కన స్టూలు మీద మోచేతికి అందేలా బిగించాడు మెకానిక్. మోచేయి నొక్కుతూ రెండు చేతుల్తో గుడ్డ నడపడం మొదట్లో కుదరలేదు, పాత దుప్పటి ముక్కల మీద వారం రోజులు సాధన చేశాను. కుర్చీలో మెత్త ఉన్నా ఇరవై నిమిషాలకోసారి చేతుల మీద ఒళ్లు పైకి లేపి కాసేపు ఉంచాలి, లేకపోతే మళ్లీ పుండు. ఆ ఇరవై నిమిషాలూ అబ్బాయి ఫోన్లో అలారం పెడతాడు. ఇప్పుడు ఇంట్లో వాకరుతో నడుస్తాను, బయటికి కుర్చీలోనే. ఎడమ పాదం జారుతుంది, పట్టీ ఉండాలి. పైపు ఇంకా రోజుకి నాలుగుసార్లు.

సంక్రాంతికి మూడు రోజుల ముందు ఆకుపచ్చ జాకెట్టు పూర్తయింది. ఆవిడే ఇంటికొచ్చి, వసారాలో చీర తెర వెనక్కి వెళ్లి తొడుక్కుని చూసుకుంది. కొలతలు ఎనిమిది నెలల నాటివి, చంక దగ్గర బిగువైంది. "పండగ అయ్యాక చూద్దాంలే, నువ్వు అలిసిపోతావు" అంది. ఇప్పుడే ఇచ్చేస్తాను, కూర్చోమన్నాను. అత్తయ్య ఆవిడకి టీ పెట్టి తెచ్చేలోగా కుట్టు విప్పి అరంగుళం వదిలాను.